చింతగింజలకు పేర్లు పెట్టుట

ఈ అధ్యాయమును చదువబోవు పాఠకుడు ముందుగా ఎనిమిది చింతగింజలను, ఒక సుద్దముక్కను చేతికందునట్లు పెట్టుకొనవలెనని నా మనవి. వర్ధన్నపేటలో ఈ రెండింటికిని కొదువ లేదు. ఎండకాలమున ఇంటింటి అరుగుమీదను చింతపండు కొట్టి గింజ తీయుచుందురు కనుక మొదటిది అడిగినంతనే దొరకును. రెండవదానికి ఏ బడిపిల్లవాని సంచిని దులిపినను చాలును.

ఓరుగల్లు నుండి ఖమ్మమునకు పోవు రహదారిమీద మామునూరు, పంతిని, ఇల్లంద దాటిన పిదప వర్ధన్నపేట వచ్చును. బస్సు అక్కడ సగము ఖాళీయై, మరల నిండి, రాయపర్తి మీదుగా తొర్రూరు వైపు సాగిపోవును. ఈ ఊరికి నలుదిక్కుల నున్న ఏడు ఊళ్ళను తీసికొందము: ఇల్లంద, రాయపర్తి, తొర్రూరు, పాలకుర్తి, జఫర్‌గఢ్, ఐనవోలు, పర్వతగిరి. వర్ధన్నపేటతో కలిపి ఎనిమిది. ఈ ఎనిమిది ఊళ్ళ యువకులును ఒకచో చేరి, ఏటేట కబడ్డీ లీగు నొకదానిని నడుపుకొందమని తీర్మానించిరని ఊహింతము. ఇది ఊహయే; కాని ఊహలోని కష్టములన్నియు నిజమైనవి. ఎవరు ఎవరితో ఆడవలెను, ఏ దినమున ఆడవలెను, ఎవరి ఊరిలో ఆడవలెను అను మూడు ప్రశ్నలకు అందరును ఒప్పుకొనదగిన సమాధానము చెప్పుట, చూచువారికి గుమాస్తా పనివలె కనబడునుగాని, చేయబూనినవానికి మాత్రము అది గణితశాస్త్రపు లోతులలోనికి దిగిపోవు మెట్లబావి.

సంక్రాంతికి మన పల్లెలలో జరుగు పోటీలు చాలవరకు నాకౌటు పద్ధతివి. ఓడినవాడు ఇంటికి పోవును. ప్రతి ఆటయు ఒక్కొక్క జట్టును సాగనంపును, తుదకు ఒక్కటి మిగులును, కావున ఎనిమిది జట్లకు ఏడు ఆటలు, పదమూడు జట్లకు పండ్రెండు ఆటలు. వేళ్ళు మడిచి చెప్పవచ్చును. పదమూడింటితో వచ్చిన చిక్కేమనగా, జట్ల సంఖ్య రెండు, నాలుగు, ఎనిమిది, పదునారు అను వరుసలో ఇమడదు గనుక, ముగ్గురికి మొదటి ఆట ఆడకయే ముందునకు పోవు భాగ్యము పట్టును. దానినే మనవారు ‘బై’ అందురు. నా చిన్ననాట ఒక బడిపిల్లల పోటీలో మా జట్టు ప్రొద్దున ఎనిమిదింటికొక ఆట, పదకొండింటికొక ఆట ఆడి, మూడు గంటలకు మోకాళ్ళ చర్మము లేచిపోయి బరిలో దిగుసరికి, ఎదుటివారు బై పుణ్యమున ఒక్క ఆట మాత్రమే ఆడి, వేపచెట్టు నీడను సద్ది తిని, కునుకు తీసి, ముఖము కడుగుకొని వచ్చిరి. మా కెప్టెను పీఈటీ సారు వద్దకు పోయి, “సారూ, గిదేం న్యాయం? వాళ్లు కూసున్నరు, మేం ఆడుకుంటనే ఉన్నం” అనెను. సారు చీటీల డబ్బాను చూపి, “చీటీల గట్ల వచ్చింది బిడ్డా, నేనేం జేస్త?” అనెను. ఓడిపోయితిమని వేరుగ చెప్పవలసిన పని లేదు.

ఆ సారు పలుకులలో అబద్ధము లేదు. ఎన్నియేండ్లకో నాకు తట్టినదేమనగా, అచ్చట రెండు వేర్వేరు వస్తువులు కలిసిపోయినవి. పట్టిక యొక్క అస్థిపంజరము ఒకటి. ఆ పంజరములోని గళ్ళకు పేర్లు పెట్టుట మరియొకటి. పేర్లు పెట్టుటలో చీటీ నిష్పక్షపాతముగనే ఉండెను. పంజరమే వంకరగా ఉండెను. ఏ చీటీ తీసినను ఎవరో ముగ్గురు కూర్చుండుటయు, తక్కినవారు చెమటోడ్చుటయు తప్పదు. ఇట్టి వంకర లేని పంజరమును కట్టవచ్చునా యనునదియే ఇప్పుడు మనము గింజలతో చూడబోవు విషయము.

అందరును అందరితో ఒక్కొక్కసారి ఆడు లీగు పద్ధతిని తీసికొందము. ఎనిమిది ఊళ్ళకు ఇరువది యెనిమిది ఆటలు. దినమునకు నాలుగు ఆటల చొప్పున ఏడు దినములు. నేలమీద సుద్దతో వృత్తము గీచి, దానిపై ఏడు గింజలను సమదూరమున పేర్చి, ఎనిమిదవ గింజను నట్టనడుమ పెట్టుడు. నడిమి గింజ వర్ధన్నపేట యనుకొందము. చుట్టునున్నవి ఇల్లంద 1, రాయపర్తి 2, తొర్రూరు 3, పాలకుర్తి 4, జఫర్‌గఢ్ 5, ఐనవోలు 6, పర్వతగిరి 7. నడిమి గింజ నుండి ఒకటవ గింజకు గీత గీయుడు. ఆ గీతకు అడ్డముగ మిగిలినవానిని జతకూర్చుడు. రెండునకు ఏడు, మూడునకు ఆరు, నాలుగునకు అయిదు. ఇది మొదటి దినపు పట్టిక: వర్ధన్నపేట ఇల్లందతోను, రాయపర్తి పర్వతగిరితోను, తొర్రూరు ఐనవోలుతోను, పాలకుర్తి జఫర్‌గఢ్‌తోను ఆడును. మరునాడు గీతను గడియారపు ముల్లువలె ఒక గింజ ముందుకు త్రిప్పుడు; వర్ధన్నపేటకు రాయపర్తి, ఇల్లందకు తొర్రూరు, పాలకుర్తికి పర్వతగిరి, జఫర్‌గఢ్‌కు ఐనవోలు. ఇట్లు ఏడుసార్లు త్రిప్పి ముల్లును మొదటి చోటికి తెచ్చుసరికి, ఏ జతయు విడువబడదు, ఏ జతయు రెండుమారులు రాదు. ఏడు జట్లే యున్నచో నడిమి గింజను తీసివేసి, గీత తాకిన ఊరికి ఆ దినము విశ్రాంతి అనిన సరి. బై అందరికిని ఒక్కొక్కటి వచ్చును. మా కెప్టెను కోరిన న్యాయమిదియే.

ఈ చక్రపద్ధతికి మూలమును ఇంగ్లండునందలి థామస్ కిర్క్‌మన్ అను క్రైస్తవ మతాచార్యుడు 1847లో ప్రకటించిన వ్యాసమునందు చూతురు. పదునైదుగురు బాలికలు ముగ్గురేసి వరుసలలో ఏడుదినములు షికారునకు పోవలెను, ఏ ఇద్దరును రెండుమారులు ఒకే వరుసలో నడువరాదు అను ప్రసిద్ధ సమస్యను 1850లో వేసినవాడును ఆయనయే. చదరంగపు పోటీలలో నేటికిని వాడు బెర్గర్ పట్టికలు ఈ చక్రమునకు దగ్గరి చుట్టములు. మన కోనేరు హంపి ఆడిన 2024నాటి టొరంటో మహిళా క్యాండిడేట్స్ పోటీలోను క్రీడాకారిణులు ఎనమండుగురే. ఒక్కొక్కరితో రెండుమారులు, మొత్తము పదునాలుగు రౌండ్లు. అనగా మన గింజల వృత్తమును రెండుమారులు చుట్టివచ్చుట.

ఇంతటితో సమస్య తీరినదని ఎనిమిది ఊళ్ళవారును చప్పట్లు చరచి లేచిపోవచ్చును. ఒక్కరు మాత్రము కదలరాదు. ఆ ఒక్కరు తొర్రూరు వారు కాదు, తొర్రూరుతో ఆడవలసినవారు.

ఇల్లంద జట్టు మిక్కిలి మొరటుది అనుకొందము. వారితో ఆడివచ్చినవాడు రెండుదినములు కుంటుచు నడుచును. ఇప్పుడు మన పట్టికను మరల చూడుడు. జఫర్‌గఢ్ మూడవ దినమున ఇల్లందతో ఆడి, నాలుగవ దినమున తొర్రూరుతో ఆడును. పర్వతగిరి నాలుగవ దినమున ఇల్లందతో, అయిదవ దినమున తొర్రూరుతో. రాయపర్తి అయిదవ దినమున ఇల్లందతో, ఆరవ దినమున తొర్రూరుతో. పాలకుర్తి ఆరవ దినమున ఇల్లందతో, ఏడవ దినమున తొర్రూరుతో. నలుగురు ప్రత్యర్థులు ఇల్లంద చేతిలో నలిగి, కట్టులు కట్టుకొని, తిన్నగా తొర్రూరు ముందునకు వచ్చి నిలుచుచున్నారు! తొర్రూరువారు చేసిన పుణ్యమేమియు లేదు. వృత్తముమీద వారు ఇల్లందకు రెండు గింజల అవతల కూర్చుండుటయే వారి భాగ్యము. చక్రము తిరుగునపుడు ప్రతి ఊరికిని నిన్నటి ప్రత్యర్థికంటె రెండు గింజలు ముందున్న ప్రత్యర్థి ఈనాడు తగులును; నడిమి గింజ వలన కలుగు ఒకటి రెండు మినహాయింపులను విడిచినచో, ఈ నియమము పట్టిక పొడవునను తప్పదు. ఎంత సొగసుగ నున్నదో అంత పక్షపాతముతో నున్నది. దీనిని గణితజ్ఞులు ఒక ఆట ప్రభావము మరియొక ఆటలోనికి ప్రాకుట అందురు. 1980లో రసెల్ అను పరిశోధకుడు, జట్ల సంఖ్య రెండు యొక్క ఘాతమైనచో, అనగా నాలుగు, ఎనిమిది, పదునారు ఇట్లున్నచో, ఈ ప్రాకుడును అందరికిని సమముగ పంచిపెట్టు పట్టికలను నిర్మింపవచ్చునని చూపెను. మన ఊళ్ళు ఎనిమిది, అదృష్టవంతులము. ఆరు ఊళ్ళవారికి ఆ యోగము లేదు.

అయినచో పట్టికలలో ఎన్ని రకములున్నవి? పేర్లను, దినముల వరుసను ప్రక్కకు పెట్టి, కేవలము పంజరములనే లెక్కించినచో, ఎనిమిది జట్లకు ఆరు రకములు మాత్రమే; పది జట్లకు 396; పండ్రెండు జట్లకు 52,69,15,620. ఈ చివరి లెక్కను 1994లో కంప్యూటరు సహాయమున గాని తేల్చలేకపోయిరి. ఆరు నుండి ఏబదిరెండు కోట్లకు దూకుటకు నాలుగు ఊళ్ళు చాలినవి. ఒక ఆటల సంఘము పెద్దదైన కొలది దానికి తగిన పట్టికను చేతితో వ్రాయబూనుట ఎంత సాహసమో ఈ సంఖ్యయే చెప్పుచున్నది.

ఇక ఎవరి ఊరిలో అను మూడవ ప్రశ్న. సొంత బరిలో కూతకు పోవువానికి ఊరిజనుల కేకలు తోడు. పరాయి ఊరిలో అవే కేకలు ఎదురు. కావున ఒక ఆట సొంత ఊరిలో, మరుసటి ఆట పరాయి ఊరిలో, ఇట్లు తప్పక మార్చిమార్చి ఆడవలెనని ప్రతి జట్టును కోరును. ఈ కోరిక ఎంత న్యాయమో అంత అసాధ్యము. ఎందుకో చెప్పుటకు అరనిమిషము చాలును. ఇల్లంద, రాయపర్తి రెండును ఒకే దినములలో ఇంట, ఒకే దినములలో బయట ఆడునవైనచో, అవి రెండును పరస్పరము తలపడు దినమున ఇద్దరును ఇంటనే ఉందురు, లేదా ఇద్దరును బయటనే ఉందురు. ఆట మాత్రము జరుగదు. కాబట్టి ఏ రెండు ఊళ్ళకును ఇంట-బయట వరుస ఒకటిగ నుండరాదు. తప్పక మారు వరుసలు రెండే: ఇంటితో మొదలగునది ఒకటి, బయటితో మొదలగునది ఒకటి. ఆ రెండును ఇద్దరికి పోయినవి. మిగిలిన ఆరు ఊళ్ళలో ప్రతిదానికిని ఎక్కడనో ఒకచోట వరుసగ రెండు ఆటలు ఇంటనో, వరుసగ రెండు బయటనో వచ్చి తీరును. స్విట్జర్లండు గణితజ్ఞుడు డొమినిక్ ద వెర్రా 1980 ప్రాంతమున ఈ విరుపుల లెక్కను శాస్త్రముగ కట్టి, జట్ల సంఖ్యనుండి రెండు తీసివేసిన మిగులునంతకు తక్కువగ విరుపులు ఉండనేరవని, అంత తక్కువతో సాధింపవచ్చునని తేల్చెను. దీనికి తోడు ఏడు ఆటలను ఇంటికి బయటికి సమముగ పంచుటకు వీలులేదు. నాలుగు ఊళ్ళకు ఇంట నాలుగు, నాలుగు ఊళ్ళకు ఇంట మూడు. రంజీ ట్రోఫీ ఎలీట్ గుంపులలో ఎనిమిదేసి జట్లు, ఏడేసి ఆటలు వచ్చిన నాటినుండి రాష్ట్రజట్లకును ఇదే తంటా. ఒకరికి ఇంటి ఆటలు నాలుగు, వేరొకరికి మూడు.

ఇంతవరకు మనము చూచినది చిన్న సంసారము. అందరును అందరితో ఆడగలిగినంత కాలము, హెచ్చుతగ్గులు ఎన్నియున్నను, తుదకు “మేమును వారితో ఆడితిమి గదా” అను ఓదార్పు మిగులును. సంఘము పెరిగి, దినములు చాలక, కొందరితో ఆడుట, కొందరితో ఆడకుండుట తప్పనిసరియైననాడు ఆ ఓదార్పు పోవును. అమెరికాలో విశ్వవిద్యాలయముల ఫుట్‌బాల్ జట్లు సమాఖ్యలుగ ఏర్పడియుండును. ఆ ఆట వారమున కొకసారికంటె ఆడదగినది కాదు. ఏడాదికి మామూలుగ పండ్రెండు ఆటలు. బిగ్ టెన్ అను సమాఖ్య పేరునందు పది మిగిలినదిగాని, 2024 నుండి అందు జట్లు పదునెనిమిది. తోటిజట్లు పదునేడుండగా సమాఖ్యలోపల ఆడునవి తొమ్మిదే. అనగా ఏటేట ఎనమండుగురి ముఖము చూడకయే విజేతను నిర్ణయింపవలెను. పైగా అట్లాంటిక్ వైపున్న న్యూజెర్సీ జట్టును, పసిఫిక్ తీరమందున్న లాస్ ఏంజెలెస్ జట్టును ఒకే పందిరి క్రిందివి. రెండింటి గడియారములకు మూడు గంటల తేడా.

ఇచ్చట అంకగణితము సైతము మొండికేయును. అట్లాంటిక్ కోస్ట్ సమాఖ్యలో ఫుట్‌బాలాడు జట్లు పదునేడు. తలకు తొమ్మిది ఆటలని వారు నిర్ణయించిరి. పదునేడును తొమ్మిదిచే గుణించిన 153; ప్రతి ఆటకును ఇద్దరు కావలెను గనుక దానిని రెండుచే భాగింపవలెను; భాగింపబడదు. డెబ్బదియారున్నర ఆటలు ఏ మైదానమునను జరుగవు. కావున 2027 నుండి ఒక జట్టు ఎనిమిదే ఆడుటకు ఒప్పుకొనవలసివచ్చినది. కోట్ల డాలర్ల వ్యాపారమును సరి-బేసి లెక్క ఆపివేసిన ఈ ముచ్చట నాకు అమితముగ నచ్చును. పదునారు జట్లున్న సౌత్ఈస్టర్న్ సమాఖ్యవారిది సుఖము. 2026 నుండి వారికిని తొమ్మిది ఆటలే. అందు మూడు పాతపగవారితో ఏటేట తప్పనివి. మిగిలిన పండ్రెండుగురిని ఆరుగురు, ఆరుగురుగ రెండేండ్లకు పంచిరి. రెండేండ్లలో అందరిని చూతురు, నాలుగేండ్లలో అందరి ఊరికిని పోయివత్తురు. ఒక ఏటిలో కుదరని న్యాయమును నాలుగేండ్లపై పరచుట తెలివియే. నాలుగవ ఏటికి చదువు ముగించి వెళ్ళిపోవు విద్యార్థికి ఆ తెలివి ఏపాటి ఊరట అనునది వేరుమాట.

మనదేశములోను ఈ పెద్దసంసారపు తగవులున్నవి. ప్రో కబడ్డీ లీగు 2017లో పండ్రెండు జట్లకు పెరిగినపుడు, తెలుగు టైటాన్స్‌తో సహా జట్లన్నిటిని ఆరేసిగ రెండు మండలములుగ విభజించిరి. సొంత మండలములోని అయిదుగురితో మూడేసి ఆటలు, పదునైదు; బయటివారితో ఏడు; మొత్తము ఇరువదిరెండు. ఇక్కడి చోద్యమేమనగా, మండలములు లేకుండ అందరును అందరితో రెండుమారులు ఆడినను ఒక్కొక్కరికి ఇరువదిరెండు ఆటలే వచ్చును. దినములు చాలక చేసిన పని కాదు. ఆటలు అన్నియే, ఎదుటివారు మాత్రము వేరు. బలమైన మండలమున పడినవాడు ఆ బలవంతులను మూడేసిమారులు ఎదుర్కొనవలెను. 2019 నాటికి మండలములను తీసివేసి అందరికి అందరిని రెండుమారులు చూపిరి. ఆ ఏటి పోటీ హైదరాబాదులోనే, గచ్చిబౌలిలో ప్రారంభమైనది.

ఐ.పి.ఎల్. కథ దీనికి తలక్రిందులు. 2022లో జట్లు పదియైనవి. అందరును రెండుమారులు ఆడినచో తొంబది ఆటలు. అన్ని దినములు దొరకవు. కావున తలకు పదునాలుగు, మొత్తము డెబ్బది అనిరి. ఎవరితో రెండు, ఎవరితో ఒకటి? జట్లను అంతవరకు గెలిచిన కప్పులు, చేరిన ఫైనళ్ళ వరుసను బట్టి అయిదేసిగ రెండు గుంపులుగ కూర్చి, సొంత గుంపులోని నలుగురితోను, ఎదుటి గుంపులో తమకు ఎదురువరుసనున్న ఒక్కరితోను రెండేసి ఆటలు, మిగిలిన నలుగురితో ఒక్కొక్కటి యనిరి. సన్‌రైజర్స్ హైదరాబాదుకు చెన్నై, బెంగుళూరు, పంజాబు, గుజరాతులతో రెండేసియు, ఎదురువరుసలోని కోల్‌కతాతో రెండును వచ్చినవి; ముంబయి, రాజస్థాన్, ఢిల్లీ, లక్నోలతో ఒక్కొక్కటియే. పాతకప్పులను బట్టి బలమును అంచనా వేసిరిగదా, ఆ ఏడు తొలిసారి బరిలో దిగి, గెలిచిన కప్పు ఒక్కటియు లేని గుజరాత్ జట్టే కప్పు ఎత్తుకొనిపోయినది! హైదరాబాదుకు రెండుమారులు తగిలిన ‘కొత్తవారు’ వారే. నిన్నటి బలమునుబట్టి రేపటి న్యాయమును కొలువబోయినవారికి ఇట్టి మొట్టికాయలు అరుదు కావు. మరుసటి ఏట నియమమును తిరుగవేసి, ఎదుటి గుంపువారితో రెండేసి, సొంతగుంపుతో ఒక్కొక్కటి యనిరి.

అందరును అందరితో ఆడలేనపుడు, ఆ కొరతనైనను సరిసమానముగ పంచుట యెట్లు? ఈ ప్రశ్న ఆటలకంటె ముందు పొలములలో పుట్టినది. వందరకముల వరివంగడములను ఒకే మడిలో పోల్చిచూడ వీలుకానపుడు, చిన్నచిన్న మడులలో కొన్నికొన్నిటిని నాటి, ఏ రెండు వంగడములైనను సమానమైనన్నిమార్లు ఒకే మడిలో పక్కపక్కన పడునట్లు చూచుకొను కూర్పులను సంఖ్యాశాస్త్రజ్ఞులు కల్పించిరి. కలకత్తాలోని భారతీయ సంఖ్యాశాస్త్ర సంస్థలో ఆర్.సి. బోసు 1939 నాటికే వీని నిర్మాణమును బీజగణితముతో ముడివేసెను. అదే సంస్థకు 1941లో వచ్చి చేరిన తెలుగుబిడ్డడు కల్యంపూడి రాధాకృష్ణారావు; సి.ఆర్. రావు అనినగాని లోకమెరుగదు. హడగలిలో 1920లో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామలలో చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము పూర్తిచేసి కలకత్తా పోయిన ఆయన, ఆ కూర్పుల శాస్త్రమును లంబశ్రేణులు అను కొత్త రూపమున విస్తరించెను. 2023 ఆగస్టు 22న నూటరెండేండ్ల వయస్సున కన్నుమూసెను. కబడ్డీ పట్టికకు ఆయనకు సంబంధమేమి అందురా? గింజలు తీయుడు.

నడిమి గింజను ప్రక్కన పెట్టుడు. వర్ధన్నపేటవారు ఈ ఏడు అంపైర్లుగ ఉందురు, అలుగరాదు. మిగిలిన ఏడు ఊళ్ళను ముగ్గురేసిగ కూర్చుదము: ఇల్లంద, రాయపర్తి, పాలకుర్తి ఒక కూడిక. ప్రతి గింజను ఒక స్థానము ముందుకు జరిపిన రాయపర్తి, తొర్రూరు, జఫర్‌గఢ్. మరల జరిపిన తొర్రూరు, పాలకుర్తి, ఐనవోలు. అటుపై పాలకుర్తి, జఫర్‌గఢ్, పర్వతగిరి. జఫర్‌గఢ్, ఐనవోలు, ఇల్లంద. ఐనవోలు, పర్వతగిరి, రాయపర్తి. పర్వతగిరి, ఇల్లంద, తొర్రూరు. ఏడు కూడికలు. మొదట పేర్కొన్న ఊరు ఆతిథ్యమిచ్చును; ముగ్గురును ఆ ఒక్కదినముననే తమలో తాము మూడు ఆటలు ఆడుకొందురు. ఏ రెండు ఊళ్ళనైనను ఎంచి చూడుడు, సరిగా ఒక్క కూడికలోనే కలియును. ఇరువదియొక్క ఆటలును ముగిసినవి. ప్రతి ఊరును ఒకమారు విందు పెట్టినది, రెండుమారులు మాత్రమే బస్సెక్కినది. చక్రపద్ధతిలో ఆరు ఆటలకు మూడుమారులు ప్రయాణము చేయవలసినవారికి ఇది లాభము కాదా? ముగ్గురు కలిసిన దినమున ఒక్కొక్కరు రెండు ఆటలు ఆడవలసియుండుట దీని ధర. వర్ధన్నపేటవారు అలిగి “మేమును ఆడుదుము” అని పట్టుబట్టినచో ఈ మేడ కూలిపోవును. ఏడింటికి కుదిరిన సౌష్ఠవము ఎనిమిదింటికి ముగ్గురేసి కూడికలతో కుదరదు.

ఇంతసేపును మనము గింజలతోనే ఆడితిమి. గింజకు అలుక లేదు, జాతర లేదు, టీవీ ఒప్పందము లేదు. 1997–98లో అట్లాంటిక్ కోస్ట్ సమాఖ్య బాస్కెట్‌బాల్ పట్టికను కూర్చిన జార్జి నెమ్‌హౌసర్, మైకేల్ ట్రిక్ అను ఇద్దరు పండితులు ఈ సూక్ష్మమును చక్కగా వాడుకొనిరి. తొమ్మిది జట్లు, పదునెనిమిది దినములు. వారు ముందుగా పేరులేని ఇంట-బయట వరుసలను ఏరిరి. వాని నుండి పేరులేని పట్టికలను కట్టిరి. జట్ల పేర్లను అన్నిటికంటె చివర తగిలించిరి. మా సారు చీటీల డబ్బాయును చివరనే తెరచెనుగాని, పంజరమును సరిచూచుట ఆయనకు తోచలేదు. ఈ ఇద్దరిలో తేడా అంతియే. అమెరికా బేస్‌బాల్ సంఘమునకు రెండు దశాబ్దములకు పైగా పట్టికలు వ్రాసిన హెన్రీ, హోలీ స్టీఫెన్‌సన్ దంపతులు మాత్రము మొదటినుండి పేర్లతోనే పెనగులాడిరి. నేటి లెక్కకు అది ముప్పది జట్లు, 2,430 ఆటలు; ఏ ఊరిలో ఏ దినమున మైదానము ఖాళీ లేదో వారికి కంఠస్థము. తరువాతికాలమున ఆ పని ట్రిక్, నెమ్‌హౌసర్‌లు భాగస్వాములుగా నున్న బృందమునకు పోయినది.

పేర్లు ప్రవేశించినంతనే పంచాంగము వెంట వచ్చును. 2023 ప్రపంచకప్ క్రికెట్టులో పది జట్లు, అందరితో అందరు, నలుబదియైదు లీగు ఆటలు. పంజరమున వంక పెట్టుటకు లేదు. కాని అహమ్మదాబాదులో భారత-పాకిస్తానుల ఆటకు నిర్ణయించిన అక్టోబరు 15 నవరాత్రుల తొలిదినమగుటచే దానిని 14కు జరిపిరి. దానితో హైదరాబాదులో 12న జరుగవలసిన పాకిస్తాను-శ్రీలంకల ఆట 10కి జరిగినది. ఉప్పల్ స్టేడియమున 9నాడే న్యూజిలాండు-నెదర్లాండ్స్ ఆట కలదు. వరుసగ రెండుదినములు బందోబస్తు కష్టమని హైదరాబాద్ క్రికెట్ సంఘము మొరపెట్టుకొన్నది. మార్పు జరుగలేదు. అంతకుముందు సెప్టెంబరు 29నాటి సన్నాహపు ఆట, గణేశ నిమజ్జనము, మిలాదున్నబీలు కలిసివచ్చి పోలీసులందరును అచ్చటనే యుండుటచే, ప్రేక్షకులు లేని ఖాళీ గ్యాలరీల నడుమ జరిగినది. అహమ్మదాబాదులో ఒక గింజను కదిపిన ఉప్పల్‌లో రెండు గింజలు ఒకదానినొకటి తాకినవి.

ఏ దినము మొదలు, ఏ దినము చివర అనునదియు అల్పవిషయము కాదు. 1982 ప్రపంచకప్ ఫుట్‌బాలులో ఆల్జీరియా తన ఆటలు ముగించి కూర్చున్న మరునాడు, గిహోన్ నగరమున పశ్చిమజర్మనీ, ఆస్ట్రియాలు తలపడెను. జర్మనీ ఒక్క గోలుతో గెలిచినచో ఇద్దరును ముందునకు పోవుదురని ఇద్దరికిని తెలియును. పదియవ నిమిషమున ఆ గోలు పడినది. ఆపై ఎనుబది నిమిషములు బంతిని అటునిటు దొర్లించుచు కాలము గడిపిరి. ఆల్జీరియా ఇంటికి పోయినది. గుంపులోని చివరి రెండాటలను ఒకే గడియలో ఆడింపవలెనను నియమము ఆ సిగ్గుచేటు ఫలమే. చదరంగమువారు దీనినే మరియొక తీరున సరిదిద్దుకొనిరి. ఒకే దేశపు ఆటగాండ్రను తొలి రౌండ్లలోనే ఎదురెదురుగ కూర్చుండబెట్టుదురు, చివరి దినమున ఒకరికొకరు ఉపకారము చేసికొను సందు లేకుండ.

మన లీగునకు ఇప్పుడు పేర్లు, తిథులు పెట్టుదము. నడిమి గింజ మరల వర్ధన్నపేటయే; చక్రమునకు సంక్రాంతి మరుసటి ఆదివారము, 2026 జనవరి 18, మొదటి దినము. ఐనవోలు మల్లన్న జాతర సంక్రాంతికి మొదలై ఉగాదిదాక సాగును. ఆదివారములందు ఆ ఊరిలో బరి గీయుటకు చోటుండదు. కావున తొలి ఆట తొర్రూరులోనే యుండవలెను. సరే. మూడవ ఆదివారము ఫిబ్రవరి 1. మేడారము జాతర జనవరి 28 నుండి 31 వరకు. ఆర్టీసీ బస్సులు వేలకొలదిగ సమ్మక్క-సారలమ్మల సేవలోనుండి, ఆ ఆదివారము జనమును తిరిగి ఇండ్లకు చేర్చుచుండును. తొర్రూరు జట్టు వర్ధన్నపేటకు ఏ బండి ఎక్కి వచ్చును? అయిదవ ఆదివారము ఫిబ్రవరి 15; చక్రమును త్రిప్పి చూచిన ఆనాడు ఐనవోలునకు పాలకుర్తితో ఆట. ఫిబ్రవరి 15 మహాశివరాత్రి. ఐనవోలున మల్లన్న, పాలకుర్తిలో సోమేశ్వరుడు. రెండు ఊళ్ళలోను జాగరణయే. మూడవ వారమును ఎత్తి మార్చి 8కి పెట్టినచో ఇంట-బయట వరుస విరిగి, ఇల్లంద నుండి తొర్రూరునకు ప్రాకు అలసట మరియొక ఊరిమీద పడును. అయిదవ వారములోని ఆ ఒక్క జతను మాత్రము పెరికి బుధవారమునకు జరిపినచో, యాసంగి నాట్ల అదునులో ట్రాక్టరు దిగి కబడ్డీ ఆడ వచ్చు పిల్లవాడెవడు?

మూడవ వారపు గింజలను నాలుగింటిని ఎత్తి అరచేత పట్టుకొంటిని. సుద్దగీతమీద వాని గుర్తులు ఇంకను కనబడుచున్నవి.